రెండోసారి అడగని దేశం

మొనాకో వెళ్ళి వచ్చానని తెలిశాక గురజాలలో నన్ను పలకరించిన ప్రతి మనిషీ మొదట అడిగింది ఒకటే. ఎంత ఉంటుందండీ ఆ దేశం? ఐదు వందల ఎకరాల పైచిలుకు అని చెబితే ఎవరూ నమ్మలేదు. దేశం అన్న తర్వాత కనీసం ఒక మండలమంతైనా ఉండాలి కదా అన్నారు. లేదు. మోటార్ సైకిలెక్కి ఒక పాట మొదలుపెడితే, అది పూర్తయ్యేలోపు అవతలి దేశంలో ఉంటారు. మా ముత్తాతగారి హయాంలో మా కుటుంబానికి అంతకంటే ఎక్కువ భూమి ఉండేది. ఈ సంగతి మొనాకోలో నలుగురైదుగురితో చెప్పాను. పడవలసినంత ఆశ్చర్యం ఎవరూ పడలేదు.

ఆ భూమి ఏమైందని మా వైపు వాళ్ళెవరూ అడగరు, అందరికీ తెలుసు. కొంత కోర్టులు తిన్నాయి, కొంత పేకాట తిన్నది, మిగిలింది మర్యాద తిన్నది. భూమి పోయినా వెన్ను నిటారుగా పెట్టుకుని నడవడం మాత్రం మేము మానలేదు. నేను మాచర్లలో జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా వంశంలో జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. ఇంకా కొందరు బంధువులు ఆ విషయం ఎత్తకుండా మాట్లాడతారు.

నేను వెళ్ళింది దేశం చూడటానికి కాదు. మా చెల్లెలు సుశీల కూతురు నీరజ అక్కడ పెద్ద పెద్ద విహార నౌకల్లో కరెంటు వ్యవహారం చూసే ఇంజనీరు. అక్కడి అబ్బాయి లూకాను చేసుకుంటానంది. పెళ్ళి ఒక్కటే, అది కూడా అక్కడే, మళ్ళీ ఇక్కడ ఇంకోటి లేదని ముందే తేల్చి చెప్పింది. బావగారు పోయి చాలా కాలమైంది. సుశీలకు మోకాలి ఆపరేషన్ అయి నరసరావుపేటలో మంచం మీద ఉంది. విమానం ఎక్కొద్దన్నారు డాక్టర్లు. పిల్ల తరఫున మిగిలిన పెద్దదిక్కును నేనొక్కణ్ణే.

మన పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు తనంతట తాను పీటల మీదికి నడిచి రాదు. మేనమామ తీసుకురావాలి. శక్తి ఉన్నవాడు బుట్టలో కూర్చోబెట్టి మోసుకొస్తాడు, లేనివాడు బుట్టకు చెయ్యి వేసి పక్కన నడుస్తాడు. అంతే తప్ప ఆ పని ఇంకొకరికి వదలడు. బయల్దేరే ముందు సుశీల నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "అక్కడ పీటలుండవంట, పంతులుండడంట, తాళి కూడా ఉండదంట అన్నయ్యా. నువ్వైనా ఉండు. పిల్లని నీ చేత్తో తీసుకురా. అదొక్కటి జరిగితే నా మటుకు నాకు పెళ్ళి జరిగినట్టే."

ఆ ఒక్క పనికే వెళ్ళాను. అది కాస్తా ఎలా చేజార్చుకున్నానో చెప్పాలంటే ముందు మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. టికెట్ తాను కొంటానని నీరజ ఫోన్ చేసినప్పుడు వద్దన్నాను. మళ్ళీ అడిగింది. నసిగాను. మూడోసారి అడిగితే సరేనన్నాను. మేము ఎవరేమిచ్చినా మొదటిసారి వద్దంటాం, రెండోసారి మొహమాటపడతాం, మూడోసారికి వాళ్ళ మనసు కష్టపెట్టడమెందుకని ఒప్పుకుంటాం. కాఫీకైనా అంతే, కాలేజీ కమిటీలో కుర్చీకైనా అంతే. అడిగేవాళ్ళకు కూడా ఆ లెక్క తెలుసు గనుక ఇన్నాళ్ళూ ఎవరికీ నష్టం రాలేదు.

ఆకాశంలో ఉపవాసం

విమానంలో నా పక్క సీటులో చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లు ఓనరు ఒకాయన కూర్చున్నాడు. ఇటలీలో యంత్రాలు చూసేందుకు వెళ్తున్నాడట. మన జిల్లా మనిషి దొరికాడని సంతోషించాను. భోజనాల బండి తోసుకుంటూ విమానం అమ్మాయి వచ్చి ఏం కావాలని అడిగింది. వద్దన్నాను. ఆ అమ్మాయి చక్కగా నవ్వి ముందుకు వెళ్ళిపోయింది. అంత అందంగా నవ్వి అంత త్వరగా వెళ్ళిపోయిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

మిల్లు ఓనరు నా వైపు తిరిగి, మాస్టారు తినరా అయితే ఆ ట్రే నేను అడగనా అన్నాడు. అడిగాడు. ఇచ్చారు. రెండు ట్రేలూ తిన్నాడు. పరాయి దేశపు పిల్లకు మన మర్యాదలు తెలియవంటే అర్థముంది. చిలకలూరిపేట మనిషి కూడా రెండోమాట అనకపోతే ఏం చెప్పాలి? హైవే పక్కన ఊరు, ఎవరూ ఆగి మాట్లాడుకోరు, పద్ధతులు పోయి ఉంటాయని సరిపెట్టుకున్నాను. దారిలో రెండోసారి బండి వచ్చినప్పుడు నాకు నిద్రపట్టి ఉంది. లేపలేదు.

నీస్: శనగపిండి అట్టు

మొనాకోకు విమానాశ్రయం లేదు. పెట్టడానికి చోటు లేదు. పక్కన ఫ్రాన్సులో నీస్ అనే ఊళ్ళో దిగి, సముద్రం పక్కనే పోయే రైలెక్కాలి. రైల్లో కుడిచేతి వైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఎడమచేతి వైపు కూర్చుంటే కొండరాయి కనిపిస్తుంది. ఆ భాగ్యం కోసం అంతదూరం పోనక్కర్లేదు, పిడుగురాళ్ళలో చూడొచ్చు.

నీరజ విమానాశ్రయానికి వచ్చింది. తిన్నావా మామయ్యా అంది. తిన్నానన్నాను. నా మొహం ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా పాత బజారులో ఒక సందులోకి తీసుకెళ్ళింది. పెద్ద రాగి పెనం మీద పసుపుపచ్చగా ఏదో కాలుతోంది. దాన్ని సొక్కా అంటారట. శనగపిండి, నూనె, ఉప్పు. తీరా చూస్తే మన శనగపిండి అట్టే, కాకపోతే ఉల్లిపాయ లేదు, పచ్చిమిర్చి లేదు, కరివేపాకు అసలే లేదు. పైన మిరియాల పొడి చల్లి కాగితంలో పెట్టిచ్చారు. నాలుగు యూరోలు, మన డబ్బులో నాలుగు వందల దాకా. నాలుగు వందలకు శనగపిండి అట్టు తినడం మా వంశంలో ఇదే మొదటిసారి. మరొకటి తిన్నాను. దాని ధర అడగలేదు.

ఇక్కడొక సలహా. ఆ దేశాల్లో ఏ అంగట్లో అడుగుపెట్టినా ముందు బోంజూర్, అంటే నమస్కారం, అనాలి. ఆ తర్వాతే ఏదైనా అడగాలి. నేను తిన్నగా వెళ్ళి "ఇదెంత?" అంటే అట్లు వేసే ఆవిడ నన్ను చూసి చూడనట్టు ఊరుకుంది. నీరజ పక్కనుంచి మోచేత్తో పొడిచాక బోంజూర్ అన్నాను. వెంటనే మొహం వికసించింది, ధర చెప్పింది. నాకు ఈ పద్ధతి నచ్చింది. మన నరసరావుపేట షాపుల్లో ఫోన్లో నుంచి తల ఎత్తకుండా "ఏం కావాల" అంటారు.

విమానంలో సంగతి చెబితే నీరజ నవ్వలేదు. "ఇక్కడ ఎవరూ రెండోసారి అడగరు మామయ్యా. కావాలంటే కావాలను, వద్దంటే వద్దను. నీకు ఆకలైద్దని చెప్తున్నా," అంది. ఇంటి పద్ధతి బోర్డింగ్ పాస్‌తో పాటు మారదని చెప్పాను. సరే నీ ఇష్టమని సంచి భుజాన వేసుకుంది.

బోసొలే: రోడ్డుకు అటువైపు ఇంకో దేశం

మొనాకోలో పనిచేసేవాళ్ళు మొనాకోలో పడుకోరు. అద్దెలు అలాంటివి. పైన కొండ మీద బోసొలే అని ఫ్రాన్సు ఊరుంది, అక్కడ ఉంటారు. రెండు ఊళ్ళకూ మధ్య గేటు లేదు, గుమాస్తా లేడు. ఒక వీధిలో ఈ వైపు ఇళ్ళు ఫ్రాన్సు, ఆ వైపు ఇళ్ళు మొనాకో. నీరజ వాళ్ళ గది ఫ్రాన్సులో, రొట్టెల కొట్టు మొనాకోలో. రోజూ పొద్దున్నే నేను చెప్పుల్లో విదేశానికి వెళ్ళి రొట్టె కొనుక్కొచ్చేవాణ్ణి. మీరు వెళ్తే మీరూ ఇక్కడే దిగండి. అదే మంచం, అదే సముద్రం, రోడ్డు దాటినందుకు అద్దె సగానికి సగం తగ్గుతుంది.

దేశమంతా కొండవాలు మీద మెట్లుగా కట్టారు. అయితే ఎక్కడపడితే అక్కడ లిఫ్టులూ, కదిలే మెట్లూ పెట్టారు. ఎవరైనా ఎక్కొచ్చు, పైసా అడగరు. రోడ్డు మీద ఒక కాగితం ముక్క ఉండదు, పోలీసు మాత్రం ప్రతి మలుపులో ఉంటాడు. చొక్కా లేకుండా వీధిలో తిరిగితే ఊరుకోరు. మన వైపు ఎండాకాలం అరుగుల మీద కూర్చునే పెద్దమనుషుల్లో సగం మందిని అక్కడ బుక్ చేసేస్తారు.

నేను మాత్రం పంచె, లాల్చీ, కండువా. గంజి పెట్టించి తీసుకెళ్ళాను. మొదటి రోజే కదిలే మెట్ల చివర పళ్ళ సందులో పంచె అంచు ఇరుక్కుంది. నేను నిటారుగా నిలబడ్డాను, పంచె నిలబడనంది. ఒక పోలీసమ్మాయి పరుగెత్తుకొచ్చి ఎర్ర బొత్తాం నొక్కి మెట్లు ఆపింది. జానెడు జరీ అంచు ఆ దేశంలో ఉండిపోయింది. ఆ పిల్ల క్షమించమని నన్నే అడిగింది. పరవాలేదు, మా కుటుంబం ఇంతకంటే చాలా పోగొట్టుకుందని చెప్పాను. పంచెలు ఇష్టపడేవాళ్ళకు నా సలహా ఏమిటంటే, మెట్లు దగ్గరపడే ముందు కుచ్చిళ్ళు చేత్తో ఎత్తి పట్టుకోండి.

క్యాసినో ముందు ఒక కాఫీ

మొనాకో పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది జూదశాల. భవనం గొప్పగా ఉంది, కాదనను. ముందు చౌకులో కార్లు వరసగా ఆపి ఉంటాయి, జనం క్యాసినోను వదిలేసి కార్ల పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఇద్దరు నన్ను కూడా పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. ఏ కారు ఓనరుననుకున్నారో నేను అడగలేదు.

ఆ చౌకులో కూర్చుని కాఫీ తాగాను. చిన్న గ్లాసు, అడుగున రెండు గుక్కలు. దాని ధర గురజాలలో నా నెల కాఫీ ఖర్చుకు కాస్త తక్కువ. మీరు తాగకండి. వెనక సందులోకి రెండు నిమిషాలు నడిస్తే కూలీలు నిలబడి తాగే కొట్లున్నాయి, కాఫీ అదే, ధరలో మూడో వంతు.

అక్కడ నేను విన్న మంచి సంగతి ఒకటుంది. ఆ జూదశాలలో మొనాకో పౌరులు ఆడకూడదట. చట్టం. బయటివాళ్ళు వచ్చి ఎంతైనా పోగొట్టుకోవచ్చు, సొంత మనుషులు మాత్రం బల్ల దగ్గరికి రాకూడదు. మా తాతగారి రోజుల్లో గురజాలకు ఎవరైనా ఈ చట్టం తెచ్చి ఉంటే, నేను మాచర్ల బస్సులో అన్నేళ్ళు తిరిగే పని ఉండేది కాదు.

రాక్ మీద భోజనం

సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక పెద్ద బండ మీద పాత ఊరుంది. దాన్ని రాక్ అంటారు. రాజుగారి కోట, మేయరు ఆఫీసు, కొన్ని ఇరుకు సందులు. లూకా తల్లి క్లోదెత్ గారి ఇల్లు అక్కడే. ఆ దేశంలో అసలైన పౌరులు బహు కొద్దిమంది. మిగిలినవాళ్ళంతా డబ్బు పట్టుకుని వచ్చినవాళ్ళు, లేదా పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. ఈవిడ ఆ కొద్దిమందిలో ఒకరు. నీరజకూ లూకాకూ ఆ రోజు పని ఉండటంతో నేనొక్కణ్ణే భోజనానికి వెళ్ళాను.

క్లోదెత్ గారు భర్త పోయిన మనిషి, చాలాకాలం హోటల్లో పనిచేశారు గనుక ఇంగ్లీషు బాగా వచ్చు. ఆవిడ మరిది మార్సెల్ గారు రేవులోకి ఓడలకు దారి చూపే పైలట్‌గా చేసి రిటైరయ్యారు. ఇల్లు రెండు గదులు. ఆవిడ తండ్రికి కింద నిమ్మతోట ఉండేదట. ఇప్పుడా చోట ఆకాశమంత భవనం ఉంది. అది చెప్పి నిట్టూర్చలేదు. ఆ నిమ్మకాయలు పులుపు తక్కువ, వాసన ఎక్కువ అని మాత్రం చెప్పింది. నాకు ఆ మాట తీరు నచ్చింది. ఆవిడా నేనూ వెన్ను కుర్చీకి ఆనించకుండా ఎదురెదురుగా కూర్చున్నాం. మార్సెల్ గారొక్కరే హాయిగా వెనక్కి వాలారు.

వాళ్ళ దేశపు వంట బార్బజువాన్ పెట్టింది. ఆకుకూర, చీజు కూరి నూనెలో వేయించిన కజ్జికాయ లాంటిది, తీపి మాత్రం ఉండదు. పేరుకు అర్థం జువాన్ బాబాయి అట. మనం బాబాయిల పేర్లు సందులకూ బావులకూ పెడతాం గానీ తినే వాటికి పెట్టం. వేడివేడిగా చాలా బాగుంది. ఇంకొకటి వేయనా అంది. వద్దన్నాను. పళ్ళెం అటు తిరిగింది. మిగిలినవన్నీ మార్సెల్ గారు తిన్నారు.

భోజనం అయిపోవస్తుండగా ఆవిడ గొంతు సవరించుకుంది. శుక్రవారం మేయరు ఆఫీసులో పెళ్ళి. మా ఆచారంలో పెళ్ళికూతుర్ని వాళ్ళ పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొస్తారు, నీరజను మీరు తీసుకొస్తారా అని అడిగింది.

నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. వీళ్ళకూ ఈ ఆచారం ఉంది. నేనొచ్చిన పని నడిచి వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. ఆ సంతోషంలోనే, మర్యాదకు, "అబ్బే, నాకెందుకండీ, మీ వైపు పెద్దవాళ్ళెవరైనా ఉంటే వారికే ఇవ్వండి ఆ గౌరవం," అన్నాను. అని, రెండోసారి అడిగినప్పుడు ఎంతసేపు మొహమాటపడాలా అని ఆలోచిస్తున్నాను.

ఆవిడ మెల్లగా తల ఊపింది. అర్థమైందంది. మరిది వైపు తిరిగి ఫ్రెంచిలో ఏదో చెప్పింది. మార్సెల్ గారు నోట్లో ముద్ద ఇంకా మింగకుండానే ఒప్పుకున్నారు. తర్వాత వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

రేవులో

రేవుకు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చిన్న పడవ బస్సు తిరుగుతుంది. కరెంటుతో నడుస్తుంది, చప్పుడుండదు. చుట్టూ ఆగి ఉన్న ఒక్కో నౌక మా ఊరి సినిమా హాలంత ఉంటుంది. డబ్బు ఖర్చు కాకుండా ఆ వైభవమంతా చూడాలంటే ఆ పడవ ఎక్కండి. ఆ భోజనం రోజు సాయంత్రమే నేను ఎక్కాను గానీ ఏమీ చూడలేదు. పని దిగి వచ్చిన నీరజ నా పక్కన కూర్చుని నీళ్ళ వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీకు ఇష్టం లేకపోతే గురజాలలోనే చెప్పొచ్చుగా మామయ్యా," అంది. "ఇంత దూరం వచ్చి వద్దనేది ఏంది?"

"ఇష్టం లేదని ఎవరన్నారే?"

"నువ్వే. వద్దన్నావంట. పాపం ఆవిడ ఫోన్ చేసి చానా జాగ్రత్తగా చెప్పింది, నేను బాధపడతానేమోనని."

"వద్దన్నాను. అయితే?"

"అయితే ఏందని నన్నడుగుతావేంది?"

"మళ్ళీ అడగాలిగా ఆవిడ."

నీరజ నా మొహంలోకి చూసింది. నేను నిజంగానే అంటున్నానని అర్థమయ్యేసరికి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. ముందు సీటులో ఒక ముసలి జంట మర్యాదగా అటు తిరిగారు. లూకా నాకు నచ్చలేదనీ, మన కులం కాదు మతం కాదు అని మనసులో పెట్టుకుని పైకి అనలేక ఇలా తప్పుకున్నాననీ మధ్యాహ్నం నుంచి అనుకుంటోందట. అమ్మకు ఏం చెప్పాలో తెలియక పనిలో రెండు వైర్లు తారుమారుగా కలిపిందట.

"ఆవిడ ఎందుకు అడుగుద్ది మామయ్యా మళ్ళీ? పెద్దమనిషి వద్దన్నాడు, బలవంతపెడితే అమర్యాద అనుకుంది. ఆవిడదీ మర్యాదే."

నువ్వే ఆవిడతో ఒక్కమాట చెప్పి సరిచెయ్యి అన్నాను. చెప్పనంది. మార్సెల్ గారు అప్పుడే కోటు ఇస్త్రీకి ఇచ్చారట. తమ్ముడిలాంటి మరిదికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవాలంటే క్లోదెత్ గారికి తేలిక కాదట.

"నేను చెప్తే నేను అడిగినట్టయిద్ది," అంది. "నన్ను తీసుకురావాలని నీకుంటే నువ్వు పోయి అడుగు. నీ నోటితో. నాకు అది కావాలి."

పడవ ఒడ్డుకు తగిలింది. నేను దిగేటప్పుడు చెయ్యి ఇచ్చింది గానీ మాట ఇవ్వలేదు.

మళ్ళీ రాక్ మీదికి

రాక్ మీదికి బస్సుంది, లిఫ్టుంది. నేను మర్నాడు పాత కాలిదారి పట్టుకుని నడిచి ఎక్కాను. ఎర్ర ఇటుకల ఏటవాలు, పక్కన పిట్టగోడ. మీరు ఎక్కితే పొద్దున్నే ఎక్కండి, పదకొండు దాటితే కోట ముందు సిపాయిల కాపలా మార్పిడి చూసే జనంతో దారి నిండిపోతుంది. నేను సరిగ్గా ఆ జనంలోనే ఎక్కాను. త్వరగా చేరడం నాకు ఇష్టం లేదు.

అడగడం అంటే మాకు అలవాటు లేని పని. మా ఇంటి గుమ్మానికి వచ్చి అడిగేవాళ్ళు, మేము ఇచ్చేవాళ్ళం. ఇవ్వడానికేమీ లేకుండా పోయాక గుమ్మం తలుపు వేసుకున్నాం, అంతేగాని బయటికెళ్ళి అడగలేదు. కోర్టులో ఒక్క వాయిదా అడిగి ఉంటే మా తాతగారికి మామిడితోట మిగిలేదట. అడగలేదు. ఆ సంగతి మా ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు, నేనూ చెప్పుకుంటాను. తోట పోతే తోటే పోయింది. ఇక్కడ పోయేది పిల్ల పెళ్ళిలో నా చోటు. నరసరావుపేటలో కాలు చాపుకుని పడుకున్న సుశీల ఫోన్‌లో చూస్తుంది, పిల్ల చెయ్యి ఎవరో కోటు తొడుక్కున్న ఆయన పట్టుకుని ఉంటాడు. ఎక్కుతున్నంతసేపూ అదే కళ్ళముందు కదిలింది.

తలుపు మార్సెల్ గారు తీశారు. క్లోదెత్ గారు వంటింటి బల్ల దగ్గర ఆకుకూర కాడలు తుంచుతోంది. బోంజూర్ అన్నాను. కాఫీ తాగుతారా అంది. తాగుతానన్నాను. మొదటిసారికే. అది నేను చేసుకున్న సాధన అనుకోండి.

మన వైపు ఎవరైనా అసలు సంగతికి ముందు పంటల గురించి అడుగుతారు, వానల గురించి అడుగుతారు. నేనూ గాలి సంగతితో మొదలుపెట్టాను. మార్సెల్ గారు పైలట్ కదా, అది అసలు ప్రశ్నే అనుకుని, ఏ నెలలో ఏ దిక్కు గాలి ఓడలకు చెరుపో చేతులు తిప్పుతూ వివరించారు. అది అయ్యాక నిమ్మకాయలు. అవీ అయిపోయాయి. కప్పులో కాఫీ కూడా అయిపోయింది.

"మదాం," అన్నాను, "నిన్న మీరు అడిగినప్పుడు నేను వద్దన్నాను. కానీ అమ్మాయిని తీసుకొచ్చే పని నాకు కావాలి. నాకే కావాలి."

ఆవిడ తుంచుతున్న కాడలు పక్కన పెట్టింది. ఆపైన మాటలు ఆపుకోలేకపోయాను. మేనమామ అంటే ఎవరో చెప్పాను, బుట్ట సంగతి చెప్పాను, చెల్లెలి మోకాలు చెప్పాను. పెళ్ళికూతుర్ని బుట్టలో మోయడం మార్సెల్ గారికి చాలా నచ్చింది, ఎంత బరువుంటుందని మధ్యలో అడిగారు.

"మరి వద్దని ఎందుకన్నారు?" అంది ఆవిడ.

"మా ఇంట్లో మొదటిసారి వద్దంటాం."

"ఎన్నిసార్లు అడగాలి?"

"మూడు."

ఆవిడ మరిది వైపు చూసింది. ఆయన భుజాలు ఎగరేసి, ఇస్త్రీ నుంచి వచ్చిన కోటు ఎలాగూ పొట్ట దగ్గర పట్టడం లేదన్నారు. క్లోదెత్ గారు చేతులు తుడుచుకుంది. ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించి, వెన్ను ఆనించకుండా నా ఎదురుగా కూర్చుంది.

"ఒకసారి అడిగాను. ఇంకా రెండున్నాయి," అంది. "శుక్రవారం నీరజను మీరు తీసుకొస్తారా?"

పద్ధతి ప్రకారం నేను ఇప్పుడు కండువా సర్దుకుని నేల చూడాలి.

"తీసుకొస్తాను," అన్నాను.

"ఇంకొకటి మిగిలిపోయింది."

"ఉంచండి," అన్నాను. మార్సెల్ గారు ఇంకో కాఫీ పోశారు, అడగకుండానే.

శుక్రవారం

మేయరు ఆఫీసు పెద్దదేమీ కాదు. మన మండలాఫీసంత ఉంటుంది, రంగు మాత్రం మంచిది. నీరజ మంగళగిరి పట్టుచీర కట్టుకుంది. వాళ్ళ పద్ధతిలో పెద్దవాడి మోచేతి మడతలో పిల్ల చెయ్యి పెడుతుంది. మాకు అది కుదరలేదు. చిన్నప్పుడు తిరణాలలో తప్పిపోకుండా పట్టుకున్నట్టు చేతిలో చెయ్యి వేసి పట్టుకున్నాను. తలుపు తెరిచారు. అందరూ లేచి నిలబడ్డారు. మా కుటుంబం లోపలికి వస్తుంటే ఒక హాలు మొత్తం లేచి నిలబడటం నేను పుట్టాక చూడలేదు. అయితే వాళ్ళు లేచింది పిల్ల కోసమని నాకు తెలుసు, నేనూ దాన్ని చూసుకుంటూనే నడిచాను. లూకా స్నేహితుడు ఒకడు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. దాన్లో సుశీల, పక్కన నర్సు, వెనకాల మందుల సీసాలు.

"గబగబా పోతన్నావు మామయ్యా, నిదానం," అంది నీరజ పెదవులు కదపకుండా. నేను పరుగులాగా నడుస్తున్నానట.

లూకా దగ్గర వదిలిపెట్టి పక్కకు వచ్చి నిలబడ్డాను. నా పని అయిపోయింది. ఆ తర్వాత అక్కడ జరిగింది మన పెళ్ళిళ్ళలో ఎన్నడూ జరగదు. ఎర్రని తెల్లని పట్టీ భుజం మీద వేసుకున్న మేయరు మొదట లూకాను అడిగి ఔననిపించుకున్నాడు. తర్వాత నీరజను పేరు పెట్టి పిలిచి, ఇతన్ని భర్తగా ఒప్పుకుంటావా అని అడిగాడు. మన దగ్గర పెళ్ళికూతుర్ని ఎవరడుగుతారు? జీలకర్ర బెల్లం పెట్టేసరికి అడిగే వేళ దాటిపోతుంది. ఇక్కడ హాలంతా జవాబు కోసం చూస్తోంది.

అప్పుడు నాకు భయం పట్టుకుంది. అడిగినాయన ఆ దేశం మనిషి, ఒక్కసారే అడుగుతాడు. చెప్పాల్సింది మా ఇంటి పిల్ల.

ఆయన ప్రశ్న ఇంకా ముగించకముందే నీరజ ఔనంది. చివరి వరస దాకా వినిపించేలా అంది. హాల్లో అందరూ నవ్వారు, క్లోదెత్ గారు కూడా.

ఫోన్ నా చేతికిచ్చారు. సుశీల కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. "ఏంది అన్నయ్యా," అంది, "అడగంగానే ఒప్పేసుకుంది?"

"ఊరుకోవే," అన్నాను. "ఇక్కడ అట్లాగే చెప్పాలి."